అంచు పగిలిన కుండీలో పదకొండు పళ్ళు

అద్దాలాయన రోజూ ఉదయం ఆరున్నరకి బాల్కనీలో కుండీలకు నీళ్ళు పోస్తాడు. కుళాయి నీళ్ళు కాదు, వాన పడినప్పుడు బకెట్లలో పట్టి మూతపెట్టిన నీళ్ళు. బ్లూబెర్రీకి పుల్లటి మట్టి కావాలి, కుళాయి నీళ్ళలోని సున్నం దానికి పడదు. ఈ సంగతి ఆయనకు చెప్పింది భార్య. ఆమె పోయి పదకొండు వారాలైంది. నీళ్ళు పోసే ముందు మట్టిలోకి వేలు రెండో కణుపుదాకా గుచ్చి తడి చూస్తాడు. అదీ ఆమె నేర్పిందే. తర్వాత చెయ్యి కడుక్కుని కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి రాత్రి ఏడున్నరదాకా అద్దాలు సానపడతాడు.

మొత్తం నాలుగు కుండీలు. అన్నీ మోకాలెత్తు దాటని పొట్టి రకాలే. మొక్కలు పొట్టివైనా చెవులు మాత్రం పాము చెవులు. పువ్వు విచ్చుకుని ఉండగా దగ్గర్లో ఎవరేమన్నా ఆ మాట కాయలో ఉండిపోతుంది. పండు తిన్నవాళ్ళకి అది ఒక్కసారి వినిపిస్తుంది, వాళ్ళకి మాత్రమే. మింగితే అయిపోయింది. అందుకని ఆ భవనంలో పూల రోజుల్లో జనం నోరు కాస్త అదుపులో పెట్టుకుంటారు. పోట్లాట తప్పదనుకున్నవాళ్ళు కిందికి దిగి వీధిలో పోట్లాడుకుంటారు. రెండో అంతస్తు ఆయన ఒక ఏడాది పూల పక్కన కూర్చుని ఫోన్లో తన పై అధికారిని తెగ తిట్టి, ఆ సంగతి మర్చిపోయి, పళ్ళు తీసుకెళ్ళి ఆఫీసులో పంచాడు. ఇప్పుడు వేరే ఆఫీసులో పనిచేస్తున్నాడు.

ఆరేళ్ళ కిందట అద్దాలాయన అత్తగారు పోయింది. అప్పటికి ఆవిడ పెరట్లో బెర్రీ మొక్క నిండా పళ్ళున్నాయి. పెద్దకూతురు, అంటే అద్దాలాయన భార్య, ఆసుపత్రి గుడ్డల గదిలో దుప్పట్లు కుట్టేది. సెలవు దొరికి వెళ్ళేసరికి రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజుల్లో చిన్నకూతురు మొక్క పక్కన కూర్చుని ఒక్క పండు మిగల్చకుండా తినేసింది.

"ఒక్కటే తిందామని కూర్చున్నానక్కా. అమ్మ ఆగకుండా మాట్లాడింది," అంది చిన్నది.

"నాకంటూ ఒక్క మాటైనా ఉంచాలనిపించలేదా నీకు? మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

చిన్నది తొక్కలేదు. ఆమె రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతుంది. ఊళ్ళో ఆమె మొహం ఎరిగినవాళ్ళు తక్కువ. గొంతు అందరూ ఎరుగుదురు. అక్క మాత్రం ఆరేళ్ళపాటు ఎక్కడికి వెళ్ళాలన్నా బస్సే ఎక్కింది.

ఈ ఏడాది పూలు విచ్చే వేళకి అక్క మంచం పట్టింది. ఊపిరితిత్తుల జబ్బు, ఆగని దగ్గు. అద్దాలాయన వెంట్రుకవాసి తేడా పట్టుకునే మనిషి. పళ్ళలోకి దగ్గు ఎక్కితే ఎవరు తింటారని ఆలోచించి, కుండీలను మోసుకెళ్ళి బయట మెట్ల మలుపులో కిటికీ వెలుతురు పడే చోట పెట్టాడు. మూడే పెట్టాడు. నాలుగోదానికి అంచు పగిలింది. ఎలాగూ పారేసేదే కదా అని దాన్ని భార్య మంచం పక్కన కిటికీలో వదిలేశాడు.

పూలున్న ఆ మూడు వారాలూ పగలు ఎదురింటామె వచ్చి చూసి వెళ్ళేది. ఆరు గంటలకు ఆమె వెళ్తే, ఎనిమిదికి ఆయన వచ్చేదాకా రోగి ఒక్కతే. ఎదురింటామె రోజూ తలుపు దగ్గరికి లాగి, గడియ మాత్రం మర్చిపోయేది. పై గడియ కాదు, బయటినుంచి తాళంచెవితో వేసేది.

"తలుపు ఇలా వదిలేసి పడుకుంటావా? ఎవరైనా వస్తే?" అని ఆయన రోజూ విసుక్కునేవాడు.

"ఎవరొస్తారండీ?" అనేది భార్య.

పూలరేకులు రాలుతున్న వారంలో ఆమె పోయింది. చిన్నది వచ్చి, జనం వెనకాల నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

తర్వాత కాయలు ముదిరి, నీలం తిరిగాయి. మెట్ల మీది కుండీలు మూడూ విరగకాశాయి. అంచు పగిలిన కుండీకి పదకొండే. బెర్రీకి పక్కన ఇంకో రకం ఉంటేనే కాపు బాగుంటుంది. అది గదిలో ఒంటరిగా ఉండిపోయింది. కిటికీలోంచి దారితప్పి వచ్చిన ఏ తేనెటీగో ఇచ్చిపోయిన పదకొండు అవి.

ఆయన మెట్ల కుండీలవి నాలుగు తిని చూశాడు. చెప్పుల చప్పుడు, పాలవాడి దగ్గు, ఎవరిదో "కూరగాయలు మర్చిపోయా" అన్న మాట. మిగతావి ఎదురింటికి పంపేశాడు. పగిలిన కుండీలో మాత్రం ఆమె ఉంది. ఆదివారం ఆదివారం ఒకటి చొప్పున తినసాగాడు. "మందుసీసా మూత బిగించారా?" అంది ఒకటి. "ఈ దిండు గట్టిగా ఉంది," అంది ఇంకొకటి. ఆ మాటకు ఆయన రోజంతా దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఐదోది తిన్న వారంలో చిన్నది వచ్చింది. గడప అవతలే నిలబడింది.

"సోమవారం వెళ్ళిపోతున్నాను బావా. దూరం స్టేషన్‌కి బదిలీ అడిగాను, ఇచ్చారు. ఇక్కడ నాకెవరున్నారు? ఒక్క పండు ఇవ్వండి."

"అప్పుడు తిన్నవి చాల్లేదా?"

"అవి అమ్మవి."

"మీ అక్కకు అందులో వాటా లేదా? బుట్టెడు పళ్ళు తిన్నదానివి, ఇప్పుడు ఒకటంటున్నావు. పొదుపు నేర్చుకున్నావు."

చిన్నదానికి ఆ మాట తగిలింది. "అక్క నన్ను క్షమించిందో లేదో తెలిస్తే చాలు. తిట్టు అయినా సరే, నాకిచ్చేది నాకివ్వండి," అంది.

"ఏ పండులో ఏముందో నాకేం తెలుసు? నీకిచ్చినదాంట్లో నా పేరుంటే?" అని ఆయన తలుపు వేశాడు.

శనివారం ఎదురింటామె ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చింది. అడుగున రెండు పళ్ళున్నాయి.

"అన్నయ్యగారూ, ఏమనుకోకండి. మీ పళ్ళు తింటే మా ఇంట్లో అందరికీ స్టేషన్లో ఉన్నట్టుంది. ఆ రైళ్ళ అమ్మాయి ఏడుస్తోందండీ. పిల్లలు మేం తినం అంటున్నారు."

ఆయన గిన్నెలోంచి ఒకటి నోట్లో వేసుకున్నాడు. "అక్కా, ఈరోజు దగ్గు తక్కువగా వినబడుతోంది." గొంతు ఊరంతా ఎరిగినదే. రెండోది వేసుకున్నాడు. "గుమ్మం తొక్కొద్దన్నావుగా, తొక్కలేదు. ఇక్కడ మెట్టు మీదే ఉన్నా. రేపు మళ్ళీ ఆరూ పదికి వస్తా."

అద్దాలాయన మెట్ల మలుపు వైపు చూశాడు. మూడు వారాలు. ఆ కుండీలను అక్కడ పెట్టింది తనే. లోపలికెళ్ళి, ఆదివారం దాకా ఆగకుండా పగిలిన కుండీలోంచి ఆరో పండు తెంపాడు.

"వచ్చింది," అంది భార్య. "మూడో అంతస్తు ఎక్కేసరికి దీనికీ ఆయాసమే. తట్టదు, మొండిది."

మిగిలినవి ఐదు. అన్నీ కోసి స్టీలు డబ్బాలో పెట్టి, దుకాణానికి సెలవు చెప్పకుండానే స్టేషన్‌కు వెళ్ళాడు. చిన్నది అద్దాల గదిలో మైకు ముందు ఉంది. బల్ల మీద బదిలీ కాగితం, దానిమీద బరువుకి నీళ్ళ గ్లాసు.

"ఆరు నేను తినేశాను," అన్నాడాయన. "ఒకటి తిందామనే మొదలుపెట్టాను."

ఆమె ఒకటి తీసుకుంది. మరీ చిన్నది, ఒక పక్క ఎర్రగానే ఉంది. నోట్లో వేసుకుని మైకు ఆపేసింది. కొరికిన తర్వాత కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా ఉన్న గోడ గడియారాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఆమె ఉద్యోగంలో చేరిన పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఒక బండి పేరు లేకుండా ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగింది. ఎక్కాలో వద్దో తెలియక జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఎవరు విన్న మాట వాళ్ళది, అడగకూడదు. ఆయన అడిగాడు.

"'గడియ తీసే ఉంది, నెట్టవే మొద్దూ,' అంది." చిన్నది గ్లాసు జరిపి కాగితం తీసి మడిచింది. "నా బాధ ఆరేళ్ళ గురించి కాదు బావా. మూడు వారాలు. తలుపు ముందే నిలబడ్డాను."

ఎదురింటామె మతిమరుపు మనిషి కాదని అద్దాలాయనకు అప్పుడు తెలిసింది. జేబురుమాలు తీసి, కళ్ళజోడు అద్దాలు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు.

మిగిలిన నాలుగూ చెరి రెండు తీసుకున్నారు. ఆయన వాటాలో ఒకటి ఉత్త దగ్గు. దాన్ని కూడా నమిలి, నెమ్మదిగా మింగాడు.

సోమవారం చిన్నది రైలెక్కలేదు. సాయంత్రం ఆయన తొందరగా ఇంటికొచ్చి, పగిలిన కుండీలోని మొక్కను వేళ్ళు తెగకుండా తీసి, అడుగున చిల్లులున్న పెద్ద కుండీలోకి మార్చాడు. పుల్లమట్టి నింపి, వాన నీళ్ళు పోసి, మిగతా మూడింటి పక్కన పెట్టాడు. ఆరూ పదికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. మూడో అంతస్తు మలుపులో, కుండీలు ఒకప్పుడు ఉన్నచోట, అవి ఆగాయి. ఆయన లేవలేదు. మట్టి చేతులతో అలాగే కూర్చున్నాడు.

చిన్నది తట్టలేదు. తలుపు నెట్టుకుని లోపలికి వచ్చింది.