చేత్తో తెరుచుకునే తడక

ఎండలు ముదిరాక మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో కూలర్లు చేసేవాడికి పనితో ఊపిరి సలపకూడదు. సమ్మక్క మొగుడు వెంకటి మాత్రం చేసిన కూలర్‌ను అమ్మకుండా మళ్లీ విప్పుతాడు. పోయినేడు పక్క తడకల్లోని గడ్డి మార్చాడు, అంతకుముందు పంపు జరిపాడు. కొన్నవాళ్ల ఇళ్లకు పోయి, ఏం లోపముందో చెప్పమని అడిగి మరీ తిట్లు తింటాడు. అలాంటివాడితో వేగడం సమ్మక్కకే చెల్లింది.

ఈ ఏడు ఆ ఆటలు సాగవు. బజారు నిండా కంపెనీల ప్లాస్టిక్ కూలర్లు దిగాయి. వీళ్ల సరుకు ఎత్తే ఒకే ఒక్క దుకాణదారు ధనరాజ్, ఇవాళ ఇవ్వకపోతే తనూ కంపెనీ మాలే పెట్టుకుంటానన్నాడు. అదే జరిగితే తమ కూలర్ల షెడ్డుకు తాళమే.

ధనరాజ్ టెంపో తీసుకుని వచ్చేసరికి వెంకటి ఒక కూలర్‌లో తల దూర్చి ఉన్నాడు.

"ఏందయ్యా గది? అన్నీ అయినయంటివి గద!" అంది సమ్మక్క ఒళ్లు మండి.

"తడకలకు బొగ్గుదుమ్ము పడ్తున్నదే. గని కాలనీల గాలి వస్తలేదంటున్రు. బోల్టులు విప్పి కడుగుదామంటే..."

"విప్పుకుంటరు తియ్! జరుగు!"

ఎంత సులువో చూపిద్దామని పానా లాక్కుంది. మొదటి బోల్టు తిరిగింది. రెండోది మొరాయించింది. పానా జారి వేళ్లు గీరుకుపోయాయి.

"జానేదో వహినీ. గిరాకీ బోల్టు చూస్తదా?" అన్నాడు ధనరాజ్, మరాఠీలో వదినా అని పిలుస్తూ.

సమ్మక్క వేళ్లు చీర కొంగుతో అదుముకుంది. కాలనీలో మొగుడు గని డ్యూటీకి పోతే మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఉండే ఆడది ఈ బోల్టుతో ఇలాగే కొట్లాడుతుంది. తిట్లు తమకే తగులుతాయి.

"రేపు రా భావూ."

"రేపు కంపెనీ మాలొస్తది," అని అతను ఖాళీ టెంపోతో వెళ్లిపోయాడు.

"పళ్లికిలించకు! బోల్టులు పీకి గొళ్లేలు పెట్టు," అని సమ్మక్క వెంకటి మీద విరుచుకుపడింది.

మర్నాడు టెంపో రాలేదు. గొళ్లేలు పెట్టిన ఒక కూలర్‌ను ఆమే బండి మీద కాలనీకి తోలించి, నల్లా దగ్గర తడక చేత్తో తీసి, కడిగి, బిగించి చూపించింది. ఆడవాళ్లు గుమిగూడారు. ఆ మాట బజారుకు పాకింది. సాయంత్రానికి ధనరాజ్ టెంపోతో షెడ్డు ముందున్నాడు.

"అన్నీ ఎక్కించు," అన్నాడు.

"ఆగు!" సమ్మక్క అడ్డం నిలబడింది. "నీళ్లు పోసే మూతి మస్తు ఎత్తున్నది. కాలనీల అందరు గదే అన్నరు. కిందికి దించాలె."

అనేశాక తన మీద తనకే చిర్రెత్తింది. వెంకటి అప్పటికే రేకు కోసే కత్తెర అందుకున్నాడు.

ధనరాజ్ తల పట్టుకున్నాడు. కానీ ఈసారి టెంపో తిప్పలేదు. ఇంజను ఆపి, షెడ్డు నీడలో కూర్చున్నాడు.