వడ్లగింజంత జరిగిన సముద్రం

మంగళ గీసిన బొమ్మలో సముద్రం ఒక్కచోట అబద్ధమాడింది. ఆ ఒక్కచోట కమలా ఆంటీ ఇల్లుంది.

మంగళది కరీంనగర్. పెళ్ళయి సిడ్నీ వచ్చేదాకా ఆమెకు మానేరు డ్యామే సముద్రం. అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి సముద్రం బొమ్మలు గీసే ఉద్యోగమిచ్చాడు. ఆఫీసు సిడ్నీలోనే పారమట్టాలో. ఇంకో యాభై ఏళ్ళకు సముద్రం నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఇంజనీర్లు లెక్కకట్టి ఒక గీత గీసిస్తారు. ఆ గీతలూ అంకెలూ మామూలు జనానికి కొరుకుడుపడవు. అందుకని మంగళ ఊరు ఊరంతా పైనుంచి చూసినట్టు రంగుల్లో గీస్తుంది. ఎవరి కప్పు ఏ రంగో, ఎవరి పెరట్లో పడవ ఉందో అన్నీ ఉంటాయి. జనం ముందు తమ ఇల్లు వెతుక్కుంటారనీ, ఆ తర్వాతే సముద్రం వైపు చూస్తారనీ ఆమెకు అనుభవం మీద తెలుసు. కాబట్టి ఒక్క ఇల్లూ వదలదు.

ఈసారి వచ్చిన పని ఉత్తరాన రెండు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న ఊరిది. కమలా ఆంటీ ఉండేది ఆ ఊళ్ళోనే.

పన్నెండేళ్ళ కిందట మంగళ, ఆమె భర్త విఠల్ రెండు పెట్టెలతో దిగినప్పుడు సిడ్నీ పెండిల్ హిల్‌లో తన ఇంటి వెనక గదిచ్చింది కమలా ఆంటీ. ఆమె ఫిజీలో పుట్టిన తెలుగామె. నాయనమ్మ దగ్గర నేర్చిన తెలుగు కొంత, హిందీ కొంత, మిగతాది ఇంగ్లీషు. మంగళ మాట ఆమెకు సగమే అర్థమయ్యేది, ఆమె మాట మంగళకు సగమే. మిగతా సగాన్ని వంటిల్లు పూరించేది. మంగళకు మూడో నెలలో అన్నం వాసన గిట్టకపోతే, ఆంటీ కర్రపెండలం ఉడకబెట్టి చింతకాయ పచ్చడితో తినిపించింది. కన్నతల్లి దగ్గర లేని లోటు మంగళకు ఆ గదిలో తెలియలేదు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఆంటీ భర్త శివనంద్ అంకుల్ పొద్దున లేవగానే నీళ్ళు కనబడాలని పట్టుబట్టి ఈ ఊళ్ళో ఇల్లు కొన్నాడు. ఆయన పోయి మూడేళ్ళయింది.

ఇంజనీర్ల గీత సరిగ్గా ఆ ఇంటి ముందు గదిలోంచి పోయింది.

మంగళ రెండు రోజులు కుంచె పట్టుకుని కూర్చుంది. మూడో రోజు గీతను అక్కడ వడ్లగింజంత సముద్రం వైపు జరిపింది. కాగితం మీద అది వడ్లగింజే. నేల మీద పెరడు, వంటిల్లు, అంకుల్ కుర్చీ ఉన్న వసారా. ప్రేమ గుడ్డిదంటారు గాని, మంగళ ప్రేమకు చూపు బాగానే ఉంది, బుద్ధే కాసేపు పక్కకు పోయింది.

శనివారం మధ్యాహ్నం ఊరి హాల్లో బొమ్మ పెట్టారు. ఒక బల్ల మీద పిల్లలకు రంగు పెన్సిళ్ళు, ఇంకో బల్ల మీద ఒక పుస్తకం. మునిగే ఇళ్ళకు బదులు కొండ మీద పాత బడి పక్కన ప్రభుత్వం స్థలాలిస్తుంది. ఇల్లు మార్చుకోవడానికి ఇష్టమున్నవాళ్ళు ఆ సాయంత్రంలోగా పేరు రాయాలి.

ఆంటీ పక్కింటి బారీ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఎనభై ఏళ్ళ మనిషి. కలం తీసుకున్నవాడల్లా బొమ్మ వైపు చూసి ఆగాడు.

"నా ఇల్లు నీళ్ళల్లో ఉంది. కమలా ఇల్లు పొడిగా ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క కంచె. ఇదేదో ఉత్తుత్తి లెక్కలాగుంది" అన్నాడు.

కలం బల్ల మీద పెట్టేశాడు. వెనక ఉన్న ఇద్దరు కూడా వెనక్కి తగ్గారు.

కమలా ఆంటీ బొమ్మను చాలాసేపు చూసి, మంగళ మణికట్టు పట్టుకుని తన ఇంటి పెరట్లోకి నడిపించుకుపోయింది. అక్కడ నిమ్మచెట్టు నుంచి వంటింటి మెట్టు దాకా చిన్న చిన్న కొయ్య మేకులు పాతి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో సంవత్సరం.

"ఏటా కింగ్ టైడ్‌కి, ఆ పెద్ద పోటుకి, నీళ్ళు ఎందాకా వస్తే అందాక మీ అంకుల్ ఒకటి పాతేవాడు. చివరి మూడూ నేను పాతినాను" అంది ఆంటీ. ఆఖరి మేకు మెట్టును ఆనుకుని ఉంది.

"అయితే మీకు ముందే తెల్సా ఆంటీ?"

"నీకూ తెలుసు కదా బేటీ."

మంగళ మెట్టు మీద కూలబడింది. "మీ ఇల్లు నీళ్ళల్ల గీయనీకి నాకు చెయ్యి రాలే. ఎంత ట్రై చేసినా రాలే."

ఆంటీ ఆమె తల నిమిరింది. "నాకు కడుపు నిండింది. కానీ ఆ బారీ నీ డ్రాయింగ్ చూసి ఇక్కడే ఉండిపోతాడు. నీళ్ళొచ్చిన రోజు ఆ కర్రతో ఎక్కడికి పోతాడు?"

మంగళ కళ్ళు తుడుచుకుని లేచింది. హాలుకు తిరిగివెళ్ళి అందరి ముందూ నిలబడి, ఇంజనీర్ల లెక్క తప్పు కాదనీ, కమలా గారింటి దగ్గర గీతను తానే జరిపాననీ ఇంగ్లీషులో చెప్పింది. ఎందుకని ఎవరో అడిగారు.

జవాబు ఆంటీ చెప్పింది. "ఈ పిల్లకి నా మీద ప్రేమ. అందుకని నా ఇల్లొక్కటీ తడవకుండా చూసింది."

పిల్లల బల్ల మీంచి నీలం పెన్సిలు తీసుకుని బొమ్మ దగ్గరికి వెళ్ళింది. ముందు నిమ్మచెట్టు మీద రుద్దింది. తర్వాత వంటింటి మీద. వసారా దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అక్కడ మంగళ అంకుల్ కుర్చీని కూడా గీసి పెట్టింది. ఆంటీ దాన్ని వేలితో ఒకసారి తాకి, దాని మీద కూడా నీలం వేసింది.

తర్వాత పుస్తకంలో పేరు రాసింది. బారీ గొణుక్కుంటూ ఆమె వెనకే వచ్చి, "నువ్వు పోతే ఇక్కడ నాకు కూర ఎవరిస్తారు" అని తన పేరూ రాశాడు. వెనక్కి తగ్గిన ఇద్దరూ మళ్ళీ వరసలో నిలబడ్డారు.

ఆంటీ పెన్సిలు మంగళ చేతిలో పెట్టింది. "ఇప్పుడు కొండ మీద నా ఇల్లు గియ్యి."

మంగళ గీసింది. కప్పు, బట్టల తీగ, కరివేపాకు చెట్టు.

"వసారా సముద్రం వైపు పెట్టు. దాని మీద నాకేం కోపం లేదు. వెనకాల ఒక గది గియ్యి."

"ఒక్కలే ఉంటరు కదా ఆంటీ, ఇంకో రూమ్ ఎందుకు?"

"నువ్వొస్తే ఎక్కడ పడుకుంటావు?"

మంగళ ఆ గది గీసింది. ఇంటి కొలతకు అది కాస్త పెద్దదే అయింది. ఈసారి ఆంటీ దాన్ని దిద్దలేదు.