మల్వినా పెళ్లికని పెట్టిన చెర్రీ నలెఫ్కా

మల్వినా పుట్టిన వేసవిలోనే తెక్లా ఆ నలెఫ్కా అనే పండ్ల మద్యం పెట్టింది. పెరట్లో పుల్ల చెర్రీలు కోసి, సగం పండ్లకు గింజలు తీసి, సగానికి ఉంచేసింది. గింజలిచ్చే ఆ కాస్త చేదూ లేకపోతే వట్టి పానకమని ఆమె నమ్మకం. గాజు జాడీలో పంచదార కలిపి కిటికీలో ఎండకు పెట్టి, రసం ఊరాక స్పిరిట్ పోసి, వడకట్టి సీసాలకెత్తింది. కూతురి పెళ్లినాడు తెరవాలి. లుబ్లిన్ చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లను కన్న తల్లులు చేసే పనే అది.

తెక్లాకు అదనపు కష్టం ఒకటుంది. మొగుడు లుద్విక్ పచ్చి తాగుబోతు. ఇంట్లో ఉన్నది తాగి, ఇంట్లో సామాను అమ్మి తాగి, ఆఖరికి కాలేయం చెడి చనిపోయాడు. ఈ సీసాలు మాత్రం అతని కంటపడలేదు. బంగాళాదుంపల గుట్ట కింద దాచింది. ఆ కాపురంలో ఆమె గెలిచింది అదొక్కటే.

తీరా పెళ్లి కుదిరాక మల్వినా, “పెళ్లిలో చుక్క కూడా ఉండటానికి వీల్లేదమ్మా,” అంది. పెళ్లికొడుకు సెవరిన్ తాగుడు మానేసి రెండేళ్లయింది.

“వోడ్కా వద్దంటే సరే. నలెఫ్కా కూడా తాగుడేనటే? కడుపునొప్పొస్తే మీ అమ్మమ్మ చెంచాతో పోసేది!”

“నాన్నతో కాపురం చేసినదానివి. నీకు నేను చెప్పాలా?”

తెక్లాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఊరి లెక్కే అంత: వోడ్కా తాగితే తాగుబోతు, నలెఫ్కా తాగితే మర్యాదస్థుడు. అంతా అనుభవించి కూడా వెర్రి తెక్లా అదే లెక్క నమ్మింది.

పెళ్లిరోజు ఇంట్లో ఆశీర్వాదాలు అయ్యాయి. చర్చికి బయలుదేరాలని బయట కార్లు హారన్లు కొడుతున్నాయి. మల్వినా గదిలో మేలిముసుగు సర్దుకుంటోంది. తెక్లా అల్లుణ్ణి వంటింట్లోకి పిలిచి చిన్న గ్లాసు నింపింది.

“వద్దత్తయ్యా. మీకు తెలుసుగా.”

“అర గుటక నాయనా. పండ్ల రసమే. నీ పెళ్లాంతో పాటు పుట్టింది. ఏం, నాతో తాగవా?”

లుద్విక్‌ను తాగుడికి లాక్కుపోయేవాళ్లు గుమ్మంలో నిలబడి అనే మాటే అది. అన్నాక గాని తెక్లాకు తట్టలేదు. గ్లాసు వెనక్కి తీసుకోవచ్చు, కానీ తీసుకోలేదు. ఇన్నేళ్లు దాచింది ఒక్కరైనా రుచి చూడాలి.

నలెఫ్కాను కొంచెం కొంచెంగా చప్పరిస్తారు. సెవరిన్ తల వెనక్కి వాల్చి ఒక్క గుక్కలో పోసుకున్నాడు.

“ఎలా ఉంది?” ఆశగా అడిగింది.

అతను గ్లాసు చాచాడు. “ఇంకొక్కటి పొయ్యండత్తయ్యా. మల్వినా వచ్చేలోగా.”

“చాలు నాయనా,” అంటూ తెక్లా సీసా వెనక్కి లాక్కోబోయింది. అతను ఎంతో మర్యాదగా దాన్ని ఆమె చేతిలోంచి తీసేసుకున్నాడు.

“అమ్మా, సెవరిన్ ఏడి?” గదిలోంచి మల్వినా కేకేసింది.

“బయట కారు దగ్గరున్నాడే తల్లీ,” అంది తెక్లా. మొగుడి కోసం ఇలాంటి అబద్ధాలు ఎన్నో ఆడింది. గొంతు కూడా వణకలేదు.