మోకాళ్ళ మీది బొమ్మలు

పడమటి దేశాల్లో బానిసత్వం రద్దయినప్పుడు, దానికి గుర్తుగా అచ్చువేసి అమ్మిన పాత బొమ్మలంటే రిటైరైన హెడ్మాస్టారికి పిచ్చి. ముందుగది గోడ నిండా పదిహేడున్నాయి. అన్నిట్లోనూ ఒకటే వరస: దొర విడుదల కాగితం పట్టుకుని నిలబడతాడు, తెగిన సంకెళ్ళతో ఒకరు ఆయన కాళ్ళ దగ్గర మోకరిల్లుతారు. రోజూ పొద్దున్నే వాటి అద్దాలు తుడిచేది మేష్టారి చెల్లెలు. పాపం, ముప్పై ఏళ్ళుగా అదే పని.

మోకరిల్లిన వాళ్ళు కాళ్ళు తిమ్మిరెక్కితే దిగి, వరండాలో నాలుగడుగులు వేసి వస్తారు. పాలవాడు కూడా పక్కకు జరిగి దారిస్తాడు. అయితే ఈమధ్య బొమ్మలోకి వెళ్ళాక కూడా నిలబడే ఉంటున్నారు. మేష్టారికి అదే తలనొప్పి.

ఇంతలో చెల్లెలికి వేరే ఊరి లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేసే ఉద్యోగం వచ్చింది. సోమవారం పదింటి బస్సు తప్పితే అది చెయ్యిజారినట్టే. మ్యూజియం వాళ్ళు బొమ్మలు చూడ్డానికి వచ్చేదీ ఆ పదింటికే.

"నీకిక్కడ ఏం తక్కువైందే?" అన్నారు మేష్టారు. "వాళ్ళు నీ మాటే వింటారు. దగ్గరుండి మోకాళ్ళ మీద కూర్చోబెట్టు. ఇంతకంటే మంచి ఉద్యోగం నేనే చూసి పంపిస్తా."

మనిషి చెడ్డవాడేం కాదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, అంతే.

ఆదివారం సాయంత్రం పెద్ద బొమ్మలోని ఆడమనిషి స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. చెల్లెలు ఆవిడ పక్కన చేరింది.

"రేపొక్కరోజు మోకరిల్లు తల్లీ, నాకోసం. తర్వాత అన్నయ్య నన్ను పంపిస్తానన్నాడు."

"ఇంతకుముందు కూడా అన్నాడా?"

"రెండుసార్లు."

"మాకూ ఏళ్ళ తరబడి అలాగే చెప్పారు," అంది ఆవిడ. "నీ పెట్టె ఎక్కడుంది?"

చెల్లెలికి ఏడుపొచ్చింది. అటక మీదుందని చెప్పింది.

మర్నాడు మ్యూజియం వాళ్ళు ఇద్దరు అరగంట ముందే వచ్చి చూస్తే, గోడ మీద పదిహేడు మంది దొరలు ఎవరూ లేనిచోటికి కాగితాలు చాపుకుని ఉన్నారు.

"కింద ఉండాల్సిన వాళ్ళేరండీ?"

మేష్టారు కిటికీలోంచి చూశారు. పెట్టె ఒకరు, పరుపుచుట్ట ఒకరు, మిగతావాళ్ళు ఊరికే తోడుగా, మధ్యలో చెల్లెలు. వీధి మలుపు ఇంకా తిరగలేదు. కేకేస్తే ఆగిపోతుంది, ఎప్పుడూ ఆగిపోయేదే. ఆయన నోరు తెరిచారు. అంతలో ఎందుకో చెప్పలేనంత సిగ్గేసింది.

"మా చెల్లెల్ని బస్సెక్కించడానికి వెళ్ళారు," అన్నారు.

"వచ్చాక మోకరిల్లుతారా మరి?"

"నేనైతే అడగను," అని, లోపలికెళ్ళి వాళ్ళకి కుర్చీలు ఆయనే తెచ్చి వేశారు.