క్రిస్పిన్ నోరు విప్పని నాలుగు రోజులు

పదమూడేళ్ల కుర్రాడు నాలుగు రోజులు నోరు విప్పలేదంటే ఏదో గూడుపుఠాణీ నడుస్తున్నట్టే. పాతికేళ్లుగా ఈ పెద్ద చర్చిలో పాడే పిల్లల వసతి చూసే మేట్రన్‌ని నేను. నా కళ్లు కప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

మిగతా పిల్లలంతా సెలవులకు ఇళ్లకు పోయారు. క్రిస్పిన్ ఒక్కడే ఉండిపోయాడు. వాడి చెల్లెలు ఫీబీ నయం కాని జబ్బుల పిల్లల ఆసుపత్రిలో ఉంది. ఆ ఆసుపత్రికి సాయంగా వాడి చేత బరోక్ పాటలు ఎనిమిది పాడించి రికార్డు చేస్తున్నారు. మూడు వందల ఏళ్ల నాటి పాటలు. వాటికి కావలసిన సన్నని పై గొంతు మా పిల్లల్లో వాడికే ఉంది.

పాడేటప్పుడు బంగారం. పాట ఆగిందా, మూగనోము. గంజి కావాలా అంటే తలూపుతాడు. తేనె కావాలంటే చీటీ రాసిస్తాడు.

"నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావుట్రా?" అంటే నవ్వి పారిపోతాడు.

"గొంతు దాచుకుంటున్నాడు లెండి," అన్నారు పాట నేర్పే లాంగ్‌మీడ్ మాస్టారు, నా మొహం చూడకుండా. అప్పటినుంచి ఆయన మీద కూడా ఓ కన్నేసి ఉంచాను.

గురువారానికి ఒక్క పాట మిగిలింది. పొద్దున తువ్వాళ్లు పట్టుకుని పైకి వెళ్తే స్నానాల గదికి లోపలినుంచి తాళం. లోపల బొంగురుగా మగ గొంతు.

"ఇంకొక్కటే మిగిలింది. ఈ పూటతో అయిపోద్ది. ఎవరికీ చెప్పకు, సరేనా?"

పిల్లాడున్న చోటికి ఎవడో మగాడు దూరాడు! నేల తుడిచే కర్ర అందుకుని, మారు తాళంచెవితో తలుపు తోశాను.

"ఎవడ్రా నువ్వు? రా బయటికి!"

తొట్టి అంచున క్రిస్పిన్ ఒక్కడే కూర్చున్నాడు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని. తొట్టి తెర లాగి చూశాను. తలుపు వెనక చూశాను. ఇంకెవరూ లేరు.

"నేనే మేట్రన్ గారూ," అన్నాడు. ఆ మగ గొంతు వాడిదే. "సోమవారం లేచేసరికి ఇలా అయిపోయింది. పాడితే మాత్రం పాత గొంతే వస్తోంది."

"అన్నయ్యా, దొరికిపోయావా?" అంది ఫోన్లో ఫీబీ.

మా దగ్గర ఒక కట్టుబాటుంది. వయసొచ్చి కుర్రాడి మాట బొంగురుపోయిన రోజే మేట్రన్ ఆ సంగతి మాస్టారికి చెప్పాలి. పాడే గొంతు ఇంకో వారమో నెలో నిలబడినా సరే, ఆ పూట నుంచి వాడు పై గొంతుతో పాడకూడదు. అలా పంతొమ్మిది మందిని ఆపాను. ఒక్కడికి కూడా ఒక్క పూట గడువివ్వలేదు.

"ఆఖరిది ఫీబీ పాటండీ, జోలపాట," అన్నాడు క్రిస్పిన్. "నేను పక్కన లేని రోజున అది పెట్టుకుని పడుకుంటానంది. ఈ ఒక్క పూట చూసీచూడనట్టు ఊరుకోండి."

"నన్ను కూడా దొంగని చేస్తావుట్రా?" అన్నాను. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

రోజూ చర్చిలో పాట మొదలయ్యే ముందు మాస్టారు రికార్డింగు వాళ్లందరి ముందూ నన్నడుగుతారు. నేను సరేనంటేనే రికార్డింగు ఎర్ర దీపం వెలుగుతుంది.

"మేట్రన్, కుర్రాడు బాగున్నాడా?"

"బాగున్నాడు."

"నిజంగానా?"

"నా మాట మీదే అనుమానమా మాస్టారూ?"

దీపం వెలిగింది. క్రిస్పిన్ పాడాడు. ఎక్కడ తెగుతుందోనని నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. తెగలేదు. ఆఖరి స్వరం పైకప్పు దాకా వెళ్లి, అక్కడే కాసేపు ఉండి, మెల్లగా ఆగింది.

"బాగుంది. జాగ్రత్తకి ఇంకొక్కసారి," అన్నారు మాస్టారు. రికార్డింగుల్లో అది మామూలే.

ఈసారి పాట రెండో వరుసలో పై స్వరం దగ్గర గొంతు చీలిపోయింది. మళ్లీ ఎత్తుకున్నాడు. ఉత్త గాలే వచ్చింది.

"ఇక రాదండీ," అన్నాడు క్రిస్పిన్, అందరికీ వినబడేలా, ఆ మగ గొంతుతోనే.

మాస్టారు నావైపు తిరిగారు. "మీకు తెలుసా?"

"పొద్దుట తెలిసింది. మీకు?"

ఆయన స్వరాల కాగితాలు సర్దుకున్నారు. "మంగళవారం," అన్నారు.

మధ్యాహ్నం క్రిస్పిన్ మొదటిసారి రికార్డయిన ఆ పాటని ఫోన్లో ఫీబీకి వినిపించాడు. నేను పక్కనే తువ్వాళ్లు మడత పెడుతున్నాను.

"ఇది బాగుంది అన్నయ్యా! రేపు నువ్వొచ్చి నిజంగా పాడవా?"

క్రిస్పిన్ నేను మడిచిన తువ్వాలొకటి విప్పి, మళ్లీ మడిచాడు.

"రేపు వస్తానమ్మా," అన్నాడు. "పక్కన కూర్చుంటాను. పాట మాత్రం అదే పెట్టుకుందాం."