వెనక గదిలో చప్పుడు

ముప్ఫై ఏళ్ళు భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో, నేలకి నలభై అడుగుల ఎత్తున క్రేను క్యాబిన్‌లో కూర్చుని బతికినవాణ్ణి. ఒక్కనాడు కాలు జారలేదు. అలాంటిది ఏప్రిల్ నెలలో మా క్వార్టర్ కిటికీ మీది సజ్జా ఎక్కి, కూలర్‌కి కొత్త గడ్డి బిగిస్తూ పది అడుగుల కిందికి పడ్డాను. నడుం దగ్గర వెన్నుపూస చితికింది. రాయపూర్‌లో ఆపరేషన్ చేసి, మూడు నెలలు మంచం దిగొద్దని ఇంటికి పంపారు. తొంభయ్యో రోజున లేచి నిలబడతానని మా ఆవిడ భాగ్యరేఖ చెప్పింది. డాక్టరు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు, అన్నీ ఆవిడతోనే. అప్పుడే అనుమానం రావాల్సింది. నేను నమ్మాను.

నడుం కింద నాకు ఏమీ తెలియదు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతారు. తిండీ మందులూ గొట్టాలూ ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు, పొద్దు మాత్రం నేనే గడుపుకోవాలి. అది గడవదు. సీలింగు మీది పగుళ్ళన్నీ వారం రోజుల్లో కంఠతా వచ్చేశాయి. ఫోను పట్టుకుందామంటే చేతులు లాగి రెండుసార్లు ముక్కు మీద పడింది. టీవీలో కోడళ్ళ ఏడుపులు చూస్తే ఒళ్ళు మంట. పదకొండో రోజున మా అమ్మాయి శ్రీలక్ష్మి చేత ఒక నోటుపుస్తకం తెప్పించుకున్నాను. పడుకుని రాస్తే పెన్ను పడదు, అందుకని పెన్సిలు. క్రేనుకి రాసినట్టే ఇంటికీ లాగ్‌బుక్ మొదలుపెట్టాను. ఎన్నింటికి, ఏం జరిగింది, ఎవరు చేశారు. 6.10 పాలవాడు. 6.40 కుక్కరు, మూడు విజిల్స్. 9.15 అమ్మాయి కాలేజీకి. 9.50 పక్కింటి మిక్సీ.

“డాడీ, యే క్యా జాసూసీ హై? డిటెక్టివ్ లాగ కుక్కర్ విజిల్ కూడా రాస్తారా?” అని నవ్వింది శ్రీలక్ష్మి. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, దానికి తెలుగు సగం, హిందీ సగం.

“రాయకపోతే ఏటి చెయ్యమంటావు? నీలాగ కాలేజీకెళ్ళనా?” అన్నాను.

ముప్ఫై రెండో రోజున ఆ పుస్తకంలో మొదటి అనుమానం పడింది. 11.20, వెనక గదిలో ధబ్బుమని చప్పుడు. మర్నాడు అదే వేళకి రెండు చప్పుళ్ళు. ఏటని అడిగితే, “బియ్యం డబ్బా జరిపేను” అంది భాగ్యరేఖ. ఆ మర్నాడూ అదే జవాబు. ఏ ఇంట్లో అయినా రోజూ బియ్యం డబ్బా జరుపుతారా?

తరవాత మనోజ్‌కుమార్ సంగతి. ఆవిడ తమ్ముడు. జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలెత్తే కాంట్రాక్టు పని. ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే “బావా, టీ పెట్టించు” అని కేకేసే మనిషి. ఇప్పుడు వాడి బైకు సందు చివరే ఆగుతోంది. ఆ డొక్కు సైలెన్సరు నాకు తెలియదా. కాసేపటికి వెనక గడియ తీసిన చప్పుడు. చెప్పుల చప్పుడు మాత్రం ఉండదు, అంటే చేత్తో పట్టుకొస్తున్నాడు. ఆ వెంటనే ధబ్బు.

ఒకరోజు నాకు అన్నం తినిపిస్తుంటే ఆవిడ గోళ్ళ కింద ఇసుక కనిపించింది. మొక్కలకి మన్ను మార్చానంది. మన్నుకీ ఇసుకకీ తేడా తెలియనివాణ్ణా నేను? బుధవారం, శనివారం మధ్యాహ్నాలు వైశాలి నగర్ వెళ్తోంది. ఎందుకంటే ఒకావిడ దగ్గర జాకెట్లు కుట్టడం నేర్చుకుంటోందట. ఇరవై ఏళ్ళుగా ఈ వీధిలో సగం జాకెట్లు కుట్టింది ఆవిడే.

అరవయ్యో రోజున, “నా యూనిఫారం తీసి ఇస్త్రీకియ్యి, ఇంక నెలే ఉంది” అన్నాను. భాగ్యరేఖ నీళ్ళు నమిలింది. శ్రీలక్ష్మి బీరువా తెరిచి, “మిల్ నహీ రహా, డాడీ, కనపడట్లేదు” అంది. ఇద్దరూ ఒకరికొకరు కళ్ళతో సైగ చేసుకోవడం నేను చూశాను. నాకు చిర్రెత్తుకొచ్చింది. మిల్లులో క్రేనుకి సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. ఇద్దరి సైగలు చూస్తే బరువు ఎవరి నెత్తి మీదో పడుతుంది. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపేయాలి. ఈ ఇంట్లో అందరూ అందరికీ సైగలు చేస్తున్నారు, ఒక్క నాకు తప్ప.

బతికుండగానే నా బట్టలు పంచేసుకున్నారా? నా ఉద్యోగం ఎవరికో రాయిస్తున్నారా? ఇరవై నాలుగేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి గురించి ఏమేం అనుకున్నానో ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తోంది. కానీ అన్నీ రాశాను, పుస్తకంలో ఉన్నాయి. డెబ్భై ఎనిమిదో రోజు నుంచి చప్పుళ్ళు ఆగిపోయాయి. మనోజు రావడం మాత్రం ఆగలేదు. దాంతో నా అనుమానం రెట్టింపయింది.

ఎనభై ఎనిమిదో రోజున గడ్డం గీసుకుంటానని అద్దం అడిగి తీసుకున్నాను. 11.10కి సందు చివర బైకు ఆగింది. వెనక గడియ తీశారు. నేను అద్దాన్ని భుజం మీదుగా గుమ్మం వైపు తిప్పి పట్టుకున్నాను. గుమ్మానికి కర్టెన్ ఉంది, దాని అవతల వెనక గదికి వెళ్ళే సన్నటి నడవ. ఫ్యాను గాలికి కర్టెన్ లేస్తుందని నాకు తెలుసు. మూడు నెలలుగా దాని రెపరెపలే వింటున్నాను.

కర్టెన్ లేచింది. అద్దంలో మనోజు వెనక్కి అడుగులేస్తూ వస్తున్నాడు. ఎవరినో చంకల కింద చేతులు దూర్చి పట్టుకున్నాడు. మోకాళ్ళ దగ్గర భాగ్యరేఖ పట్టుకుంది. మధ్యలో ఉన్నవాడు నా యూనిఫారం వేసుకున్నాడు. జేబు మీద నా నూనె మరక. వాడికి తల లేదు.

అద్దం జారి నా గుండెల మీద పడింది. “ఎవడ్రా అది?” అని అరిచాను.

కర్టెన్ తీసి భాగ్యరేఖ గుమ్మంలో నిలబడింది. చెమటతో మొహం తడిసిపోయి ఉంది.

“మీరే” అంది.

మనోజు దాన్ని నేల మీద మెల్లగా దించాడు.

“ఇసుక, బావా. అరవై ఎనిమిది కిలోలు, నీ బరువే” అన్నాడు. “బస్తాల్లో పోసి నీ బట్టల్లో కుట్టేం.”

“మిమ్మల్ని మంచం మీంచి కుర్చీలోకి ఎలగ మార్చాలో వైశాలి నగర్లో ఫిజియోథెరపీ ఆవిడ నేర్పింది. మీ మీదే నేర్చుకుని, మిమ్మల్నే పడేస్తే ఏటైపోతారు?” అంది భాగ్యరేఖ.

“ఏ కుర్చీ?”

భాగ్యరేఖ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ ఇసుక మనిషిని దగ్గరికి తెమ్మన్నాను. తెచ్చి నా మంచం అంచున ఆనించారు. నడుం దగ్గరా పొట్ట దగ్గరా చినిగినచోటల్లా మళ్ళీ వేసిన కుట్లున్నాయి. ప్యాంటు కాళ్ళు రెండూ మంచం మీంచి కిందికి వేలాడాయి.

“కాళ్ళేటి ఇలగున్నాయి? బిగించి కుట్టొచ్చు కదా” అన్నాను.

“ముందర బిగించే కుట్టేను. ఫిజియోథెరపీ ఆవిడ విప్పించేసింది. కాళ్ళు అలగే ఉంటాయంది.”

“ఎన్నాళ్ళు?”

“అలగే ఉంటాయి” అంది భాగ్యరేఖ. ఏడవకుండా పళ్ళు బిగబట్టింది. “డాక్టరు మొదటి రోజే చెప్పేడు. మీకు చెప్పొద్దని నేనే బతిమాలేను. తొంభై రోజులు ఆశతోనైనా ఉంటారు, లేపోతే గోడకి తిరిగి పడుకుంటారని.”

“గోడకి తిరగాలన్నా మీరే తిప్పాలి కదా.”

మనోజు తలొంచుకున్నాడు. నాకు ఆ కుట్లు చూస్తే కోపం ఆగలేదు. “ఎన్నిసార్లు పడేసేరు నన్ను?”

“మొదట్లో రోజూ. ఇప్పుడు పదకొండు రోజులై ఒక్కసారీ పడలేదు.”

“అదీ అబద్ధమే” అన్నాను.

ఆ రోజూ మర్నాడూ నేను ఎవరితోనూ మాట్లాడలేదు. తిప్పితే తిరిగాను, పెడితే తిన్నాను. ఏడుపొచ్చినప్పుడు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. అంతకంటే నా చేతిలో ఉన్నదేమీ లేదు. పుస్తకంలో కూడా ఏమీ రాయలేదు.

తొంభయ్యో రోజు ఆదివారం. నిద్ర లేవగానే కాలి బొటనవేలు కదపబోయాను. కదల్లేదు. కుక్కరు మూడు విజిల్స్ వేసింది. ఇంక అనుమానించడానికి కూడా ఏమీ మిగల్లేదు, పొద్దు మాత్రం మిగిలి ఉంది. ఊరికే పుస్తకం తీసి పాత పేజీలు తిరగేశాను. ముప్ఫై రెండో రోజు, ఒక చప్పుడు. ముప్ఫై మూడు, రెండు. నలభై ఒకటో రోజు నాలుగు. డెబ్భై దాటాక రోజుకొకటి. డెబ్భై ఏడో రోజు ఒకటి. ఆ తరవాత పాలవాడూ మిక్సీ బైకూ ఉన్నాయి గానీ చప్పుడు లేదు.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎనభై ఎనిమిదికి సరిగ్గా పదకొండు రోజులు. ఇంట్లో అందరూ నాతో అబద్ధమాడారు, కానీ ఈ ఒక్క మాట నిజం. దానికి సాక్ష్యం నా చేత్తో నేనే రాసుకున్నాను.

“రేఖా, తమ్ముణ్ణి పిలు. ఆ కుర్చీ ఎక్కడ దాచేవో తియ్యి” అన్నాను.

కుర్చీ పక్కింట్లో ఉందట. శ్రీలక్ష్మి వెళ్ళి తెచ్చి మంచం పక్కన పెట్టి, చక్రాలకి బ్రేకు వేసి పట్టుకుంది. మనోజు చెప్పులు గుమ్మంలో చప్పుడయ్యేలా విడిచి లోపలికొచ్చాడు.

“ముగ్గురూ ఒకళ్ళకొకళ్ళు కళ్ళతో చెప్పుకోవద్దు. సైగ నాది. ఆపమని మాత్రం ఎవరైనా అనొచ్చు” అన్నాను. చూపుడువేలు పైకి చూపించి చిన్నగా గుండ్రంగా తిప్పితే ఎత్తాలని చెప్పాను.

మనోజు చంకల కింద చేతులు దూర్చాడు. భాగ్యరేఖ నా మోకాళ్ళ కింద పట్టుకుంది. పట్టుకున్నట్టు నాకు తెలియలేదు, చూశాను కాబట్టి తెలిసింది. నాకు భయమేసింది. అయినా వేలెత్తి తిప్పాను.

వీపు కింద పరుపు పోయింది. నా కాళ్ళు అద్దంలో చూసినట్టే వేలాడుతూ నా వెనకే వచ్చాయి. ఆపమని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. అరచెయ్యి కిందికి తిప్పి మెల్లగా దించమన్నాను.

కుర్చీలో కూర్చున్నాక కళ్ళు కాస్త తిరిగాయి. కుదుటపడ్డాక పుస్తకం అడిగాను. ఒళ్ళో పెట్టుకుని, మూడు నెలల్లో మొదటిసారి పెన్నుతో రాశాను.

90వ రోజు. 10.40. చప్పుడు లేదు.