చేతులు కడిగిన నీళ్లు

కోట వాకిట్లో బలిపీఠం ముందు నిలబెట్టిన ఎద్దునే చూస్తోంది దాసీ ఫిలిన్న. ఈ ఎద్దు తల ఊపితే చాలు! ఊపగానే గొడ్డలి పడుతుంది, ఆడవాళ్లంతా గొంతెత్తి కేక పెడతారు. ఆ కేకే గుర్తు. కోట వెనక చిన్న తలుపు బయట పొంచి ఉన్న శత్రు నాయకుడు లైకోన్ నలభైమందితో లోపలికి దూకుతాడు. గడియ తనే తీసి వచ్చింది, కిర్రుమనకుండా పందికొవ్వు కూడా దట్టంగా పూసింది. అందుకు బదులుగా లైకోన్ ఓడలో తను పుట్టిన ద్వీపానికి, అమ్మ దగ్గరికి వెళ్లిపోవచ్చు. పదేళ్ల ఊడిగం ఇవాళ్టితో సరి!

కానీ ఆ మొండిఘటం ఊపితేనా! బలిపశువు తనంతట తాను సరేననాలి మరి. నెత్తిన నీళ్లు చల్లారు. ఊహూఁ. మళ్లీ చల్లారు. చెవి ఆడించి ఊరుకుంది.

"ఊపరా నాయనా, నీకు పుణ్యముంటుంది," అని లోలోపల బతిమాలుకుంది ఫిలిన్న.

"ఎవరి చేతులో శుభ్రంగా లేవు," అంది రాణి అరిస్తిల్ల. "అందరూ మళ్లీ కడగండి. నాతో సహా."

రాణైనా దాసీ అయినా ఒకే పాత్రలో ముంచాలి. ఇందాక అందరూ ముంచినప్పుడు ఫిలిన్న గడియ దగ్గర ఉంది. చేతులు బట్టకు తుడుచుకుందే గానీ కడుక్కోలేదు. ఇప్పుడు తప్పక ముంచింది. నీళ్ల మీద కొవ్వు తేలింది, తళతళా, సిగ్గూ ఎగ్గూ లేకుండా!

"ఏమే, ఇవాళ నువ్వు వంటింటి గడపే తొక్కలేదుగా. ఈ కొవ్వెక్కడిదే?" అంది రాణి.

ఫిలిన్న పాడు కళ్లు వెనక తలుపు వైపు వెళ్లాయి. రాణి అది చూడనే చూసింది.

"గడియ వెయ్యండిరా!"

కాపలావాళ్లు పరుగు తీశారు. ఫిలిన్న ఒక్క గంతు వేసి రాతి బలిపీఠాన్ని కావలించుకుంది. "జియస్ దేవుడా, శరణు! పీఠం పట్టుకున్నదాన్ని ఎవరూ తాకకూడదు!"

"ఎవరు తాకుతారే నిన్ను?" అంటూ రాణి కొత్త నీళ్లు తెప్పించి ఎద్దు నెత్తిన చల్లింది. అది బుద్ధిగా తల ఊపింది.

చచ్చినోడా, ఇప్పుడా ఊపేది!

కేక లేచింది. అటు నలభైమంది మూసిన తలుపుకు ధనామని గుద్దుకున్నారు. గోడ మీంచి వాళ్ల మీద రాళ్లు కురిశాయి. "ఫిలిన్నా! తియ్యవే తలుపు!" అని లైకోన్ అరిచిన అరుపు వాకిలంతా విన్నది. కాసేపటికి తెడ్ల చప్పుడు దూరంగా, సముద్రం మీదికి వెళ్లిపోయింది. అయ్యో, వెళ్లిపోయింది!

రాణి పీట తెప్పించుకుని ఎదురుగా కూర్చుంది. "పట్టుకోవే. ఎంతసేపు పట్టుకుంటావో పట్టుకో. చెయ్యి వదిలేదాకా నిన్నెవరూ ముట్టరు, దేవుడి మీద ఒట్టు."

ఫిలిన్న ఇంకా గట్టిగా బిగించింది. కొవ్వు పూర్తిగా వదల్లేదు. వేళ్లు రాయి మీద జారిపోతున్నాయి.